ఆల్బములో కనిపించని ఇల్లు

మన ఇళ్లలో ఛాయాచిత్రాలకు కొదువ లేదు. గోడమీద పెళ్లినాటి పటం ఉన్నది, బీరువాలో ఆల్బము ఉన్నది, ఇంటిల్లిపాది చేతులలోని ఫోనులలో వేలకొలది బొమ్మలు ఉన్నవి. అయినా వీటన్నిటినీ ఒకచోట పరచి చూచినట్లయితే వాటిలో మనకు కనిపించనిది ఒకటి ఉన్నది. అది మన ఇల్లు. పసిపిల్లలున్న సంసారం తెల్లవారింది మొదలు రాత్రి దీపం ఆర్పేవరకు ఏ విధంగా గడుస్తుందో తెలిపే చిత్రం పది ఇండ్లు వెదకినా ఒక్కటి దొరకటం దుర్లభం. ఈ కొరతను గురించి, దానిని తీర్చుకొనే మార్గాన్ని గురించి, అందులో పాటించవలసిన మర్యాదను గురించి మా అభిప్రాయాలను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము.

మన ఆల్బములలో ఏమున్నదో మొదట చూతము. అన్నప్రాసన నాడు వెండిగిన్నె ముందు కూర్చున్న బిడ్డ ఉంటుంది. అక్షరాభ్యాసం నాడు బియ్యపు పళ్లెంలో వేలు పెట్టించుకొన్న బాలుడు ఉంటాడు. నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు బిస్మిల్లా వేడుకలో జరీ టోపీ ధరించి, మెడనిండా పూలదండలతో ఉక్కిరిబిక్కిరి అవుతున్న చిన్నవాడు ఉంటాడు. పుట్టినరోజు కేకు ఉంటుంది, బడిలో వరుసలో నిలబెట్టి తీసిన పటం ఉంటుంది. ఇవన్నీ ఉండవలసినవే. కాని సంవత్సరానికి మూడువందల అరవై అయిదు రోజులు. పండుగలు, వేడుకలు పోగా మిగిలిన మూడువందల పైచిలుకు రోజులు ఎక్కడకు పోయినవి?

తలకు నూనె రాసి బిగించి జడ వేస్తున్న తల్లి, ఆ నొప్పికి మూతి ముడుచుకొన్న కూతురు. పలకమీద ఒకే అక్షరాన్ని తుడిచి తుడిచి దిద్దుతున్న చేయి. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చొని రొట్టెముక్క కోసం తగవులాడుకొంటున్న అన్నదమ్ములు. తాత కళ్లజోడు పెట్టుకొని తాతవలె దగ్గుతున్న మనుమడు. అలిగి తలుపు వెనుక నక్కిన పిల్ల. సైకిలు ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి కూర్చోబెట్టగా దారి పొడుగునా గంట మ్రోగించే చంటివాడు. వేసవిరాత్రి డాబామీద ఒకే చాపపై అడ్డదిడ్డంగా నిద్రించిన నలుగురు. పిల్లలున్న ఇల్లు అంటే ఇదే గదా! బాల్యం గడిచేది ఈ దృశ్యాలలోనే. ఆల్బములో మాత్రం వీటికి చోటు లేదు.

దీనికి మన పూర్వులను నిందించటం న్యాయం కాదు. కారణాలు యంత్రంలోనూ ఉన్నవి, ధరలోనూ ఉన్నవి. 1839లో పారిస్‌లో డాగేర్ కనిపెట్టిన విధానం లోకానికి వెల్లడి అయినప్పుడు ఒక్క చిత్రానికి నిమిషాలకొద్ది కదలకుండా ఉండవలసి వచ్చేది. కదలకుండా ఉండే పసిబిడ్డను ఎవరు చూచినారు? తరువాతి దశాబ్దాలలో ఆ కాలం సెకండ్లకు దిగివచ్చినా శిశువుల విషయంలో చిక్కు తీరలేదు. అందుచేత యూరప్, అమెరికా స్టూడియోలలో ఒక విచిత్రమైన పద్ధతి ఏర్పడినది. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆమెపై నిలువునా దుప్పటి కప్పి, ఆమె ఒడిలో బిడ్డను ఉంచి చిత్రం తీసేవారు. తల్లి చేతులే బిడ్డను కదలకుండా పట్టి ఉంచేవి. చిత్రంలో మాత్రం ఆమె కుర్చీవలె, తెరవలె కనిపించేది. అటువంటి చిత్రాలు నేటికీ అనేకం నిలిచి ఉన్నవి. బిడ్డను పట్టుకొన్నదీ తల్లియే, చిత్రంలో లేనిదీ తల్లియే. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాము. మరల దీని ప్రసక్తి వచ్చును.

మన హైదరాబాదు చరిత్రలో కూడ ఈ విషయానికి సంబంధించిన ఒక ముఖ్య ఘట్టం కలదు. మీరట్ సమీపాన సర్ధనాలో 1844లో జన్మించిన లాలా దీన్‌దయాళ్ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొంది, సికింద్రాబాదులో స్టూడియో నడిపినాడు. రాజప్రాసాదాలు, వేటలు, సైనిక ప్రదర్శనలు, విందులు ఆయన కెమెరాకు చిక్కినవి. కాని అంతఃపురాల లోపలికి పురుషుడైన ఛాయాగ్రాహకుడు పోలేడు గదా! ఆ లోటు తీర్చుటకై ఆయన 1892లో హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించినాడు. ఛాయాచిత్రం కావలెనంటే పరదాను వదులుకోవలెనని ఆయన అనలేదు. పరదాను మన్నించే స్టూడియోను కట్టినాడు. ఇంటివారి మర్యాదకు తగినట్లు కెమెరాయే తన నడవడి దిద్దుకోవలెనన్న నీతి నూరేండ్లకు పూర్వమే మన నగరంలో ఆచరణలో ఉండెనని మనం గర్వించవచ్చును.

తరువాత కెమెరా క్రమంగా సామాన్యుని చేతికి వచ్చినది. 1888లో కొడాక్ పెట్టె, 1900లో ఒక డాలరు వెలగల బ్రౌనీ పాశ్చాత్య దేశాలలో ఈ మార్పు తెచ్చినవి. మన దేశంలో మధ్యతరగతి ఇంట ఆ పని చేసినది ఆగ్ఫా క్లిక్ త్రీ వంటి చిన్న పెట్టె కెమెరా. ఉదకమండలంలో 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్మును కూడ తయారుచేసినది. అయినా ఆ కెమెరాలో చుట్ట వేస్తే వచ్చేవి 12 చిత్రాలు మాత్రమే. ఫిల్ముకు ఒక ఖర్చు, కడిగించుటకు ఒక ఖర్చు, ప్రింటుకు మరియొక ఖర్చు. రంజాను పండుగకు వేసిన చుట్ట బక్రీదు వరకు, దసరాకు వేసినది సంక్రాంతి వరకు కెమెరాలోనే ఉండిపోయే రోజులు అవి. పన్నెండింటిలో ఒకదానిని జడ వేసుకొంటున్న పిల్లపై వ్యయం చేయటం దుబారాగా తోచినదంటే అందులో ఆశ్చర్యం లేదు. మంచి బట్టలు కట్టి, తల దువ్వి, పౌడరు అద్ది, ‘కదలకు’ అని గద్దించి తీసిన చిత్రం పేదరికం నేర్పిన పొదుపు. దానిని మేము గౌరవిస్తున్నాము.

కాని ఆ పొదుపుకు కారణమైన పరిస్థితి నేడు లేదు. ఫోనులో చిత్రం తీయుటకు ఫిల్ము అవసరం లేదు. పన్నెండు అనే లెక్క లేదు. అయినప్పటికీ తీసే తీరు మాత్రం మారలేదు. ఆడుకొంటున్న పిల్లవాణ్ణి ఆట మాన్పించి ‘ఇటు చూడు, నవ్వు’ అంటాము. వాడు నవ్వడు, పళ్లు చూపుతాడు. ఆ పళ్లు చూపటాన్నే పది మార్లు తీసి, పదింటిని దాచి, ఒకదానినీ మరల చూడము. ఒకనాడు ఒక్క చిత్రం కోసం ఇంటిల్లిపాది నెలలు వేచి, చేతికి వచ్చిన పిదప ఏండ్ల తరబడి చూచేవారు. నేడు తీసేటప్పుడే చూచి మరచిపోతున్నాము. సమృద్ధి వచ్చినది, శ్రద్ధ రాలేదు.

ఇంటి నిత్యజీవితం ఛాయాచిత్రానికి తగిన వస్తువేనా అని కొందరు సందేహించవచ్చును. వారికి రెండు ఉదాహరణలు చాలును. 1955లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఎడ్వర్డ్ స్టైకెన్ ‘మానవ కుటుంబం’ అనే ప్రదర్శన ఏర్పాటు చేసినాడు. 68 దేశాలకు చెందిన 503 చిత్రాలు అందులో ఉండెను. పుట్టుక, ఆట, పని, భోజనం, దుఃఖం, మరణం. ఇవే వాటి వస్తువులు. ఆ ప్రదర్శన చివర ఉంచిన చిత్రం యూజీన్ స్మిత్ అనే యుద్ధ ఛాయాగ్రాహకునిది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1945లో ఒకినావాలో తీవ్రంగా గాయపడి, చాలాకాలం కెమెరా పట్టలేకపోయిన అతడు 1946లో తిరిగి పట్టినప్పుడు తీసినది రణరంగాన్ని కాదు. చెట్ల చీకటినుండి వెలుగులోనికి చేయిచేయి పట్టుకొని నడిచిపోతున్న తన ఇద్దరు చిన్నపిల్లలను. పిల్లల ముఖాలు కనబడవు, వెనుకనుండి తీసిన చిత్రం అది. పెరటి షికారు వంటి ఆ దృశ్యం ప్రపంచమంతా తిరిగినది.

రెండవ ఉదాహరణ ఫ్రాన్సు దేశానికి చెందిన జాక్ ఆన్రీ లార్తీగ్. 1894లో పుట్టిన అతనికి చిన్నతనంలోనే తండ్రి కెమెరా ఇచ్చినాడు. పిల్లవాడు తన ఇంటినే తీసినాడు. మెట్లమీదనుండి దూకే బంధువులు, సొంతంగా చేసిన బండ్ల పందాలు, ఇంటివారి ఆటలు, అన్నిటినీ తీసి ఆల్బములలో అంటించుకొన్నాడు. 1963లో న్యూయార్కులో వాటిని ప్రదర్శించేనాటికి అతడు డెబ్బదికి చేరువైన వృద్ధుడు. పెద్దలు పిల్లలను తీసిన చిత్రాలు లోకంలో కోటానుకోట్లు; పిల్లవాడు పెద్దలను చూచిన తీరు ఎట్టిదో చూపినవి అరుదు. కనుక ఇంట కెమెరాను అప్పుడప్పుడు పిల్లల చేతికి కూడ ఇవ్వవలెనని మా సలహా. మూడడుగుల ఎత్తునుండి చూస్తే మేజా పర్వతమే, నాయనమ్మ దేవతయే!

ఇంతవరకు చెప్పినది కళకు సంబంధించిన మాట. ఇక మన ప్రాంతానికి మరింత దగ్గర మాట ఒకటి కలదు. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో పనులు విస్తరించినప్పటినుండి హైదరాబాదు పాతనగరం, కరీంనగరం, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి తండ్రులు, కొన్ని చోట్ల తల్లులు కూడ, బిడ్డలను విడిచి వెళ్లినారు. ఉత్తరానికి పదిహేను రోజులు, సెలవుకు రెండు మూడేండ్లు. ఆ నడుమ బిడ్డ ఎంత పెరిగినదీ తెలుసుకొనుటకు వారికి ఉన్న ఆధారం కవరులో వచ్చే ఫోటో ఒక్కటే. ఆ ఫోటో కోసం ఇక్కడి తల్లి బిడ్డకు కొత్తబట్టలు తొడిగి, స్టూడియోకు తీసుకొనిపోయి, తాజ్‌మహలో, సరస్సో గీసిన తెర ముందు నిలబెట్టేది. ‘మేమంతా ఇక్కడ క్షేమం’ అని ఆ చిత్రం చెప్పేది. కాని ఎడారిలో ఎనిమిది మంది ఒక గదిలో పండుకొనే తండ్రికి కావలసినది ఆ తెరమీది సరస్సు కాదు. తన ఇంటి గడప, తన గిన్నెలో అన్నం తింటున్న బిడ్డ, తాను ఊగించని ఊయల. అవి ఆ చిత్రంలో లేవు. సెలవుపై వచ్చిన తండ్రిని చూచి బిడ్డ భయపడి తల్లి చాటుకు పోవటం ఆ రోజులలో ఎన్ని ఇండ్లలో జరిగినదో చెప్పనలవి కాదు. ఫోటోలో తండ్రి బిడ్డకు తెలుసు, ఇంటిలో తండ్రి తెలియడు. నేడు ఫోను తెరపై ముఖాలు చూచుకొనే సదుపాయం ఏర్పడినది. అది గొప్ప మేలు. కాని ఆ మాటలు ముగియగానే దృశ్యం మాసిపోతుంది. పదేండ్ల తరువాత తండ్రి చేతిలో ఏమి నిలుస్తుంది? అందుచేత దూరాన ఉన్నవారికి పంపవలసినది అలంకరించిన ముఖం మాత్రమే కాదు, ఇంటి సాధారణ దినం కూడ అని మేము గట్టిగా చెప్పదలచినాము.

ఇప్పుడు దుప్పటి కప్పిన తల్లి వద్దకు తిరిగి వత్తము. ఆ దుప్పటి నేటికీ తొలగలేదు. ఇంట చిత్రాలు తీసేది తండ్రి అయితే తల్లి వంటింటిలో ఉంటుంది. తీసేది తల్లి అయితే ఆమె కెమెరా వెనుక ఉంటుంది. ఏ విధంగా చూచినా చిత్రంలో ఉండనిది ఆమెయే. చాలా ఇండ్లలో అమ్మమ్మ, నానీల స్మృతిగా మిగిలినది హజ్‌యాత్రకో, రేషనుకార్డుకో, ఓటరుకార్డుకో తీయించిన చిన్న ముఖచిత్రం. ఎనిమిదిమంది బిడ్డలను పెంచిన స్త్రీ జీవితానికి సాక్ష్యం ఒక దరఖాస్తు ఫారానికి అంటించిన బొమ్మ! ఆమె రొట్టె చేస్తుండగా, మనుమరాలికి కథ చెప్పుతుండగా తీసిన ఒక్క చిత్రం ఉన్నట్లయితే రేపటి బిడ్డకు ఆమె ముఖమే కాక ఆమె చేతులు కూడ తెలిసేవి. ఆమెకు ముఖం చూపటం ఇష్టం లేకపోతే చేతులనే తీయవచ్చును. ఆ చేతులు చాలును.

ఇక్కడ కొందరు పెద్దలు చెప్పే ఆక్షేపణను పరిశీలించటం ధర్మం. మనుష్యుల చిత్రాలు ఇంట ఉంచటం ఉచితం కాదని నమ్మే కుటుంబాలు మనలో ఉన్నవి. ఆ నమ్మకాన్ని వాదంతో తీసివేయవలెనని మేము కోరటం లేదు. అటువంటి ఇంటివారు బిడ్డ మొదటి మాటలను, మొదటి అడుగులను, అలకలను ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచవచ్చును. బిడ్డ చెప్పుల జతను, మొదటి పలకను దాచవచ్చును. మేము అడుగుతున్నది శ్రద్ధ. కెమెరా దానికి ఒక సాధనం మాత్రమే.

మరియొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. ఇంటి నిత్యజీవితాన్ని చిత్రించటం మంచిదే, కాని ఆ చిత్రం ఎక్కడకు పోతుంది? పూర్వం ఆల్బము బీరువాలో ఉండేది. ఇంటికి వచ్చిన చుట్టానికి కాఫీతోపాటు దానిని చూపేవారు. నేడు స్నానం చేస్తున్న పసిబిడ్డ చిత్రం, మార్కులు తక్కువ వచ్చి ఏడుస్తున్న పిల్లవాని చిత్రం క్షణంలో వేలమంది అపరిచితుల ముందుకు పోతున్నది. ‘చూడండి ఎంత ముద్దుగా ఏడుస్తున్నాడో’ అని వ్రాసి పంపుతున్నవారు ఆ బిడ్డపై ప్రేమ లేనివారు కారు. కాని ఆ బిడ్డ పదిహేనేండ్లవాడై ఆ చిత్రాన్ని తోటి విద్యార్థుల ఫోనులో చూచినప్పుడు పడే బాధకు ఆ ప్రేమ సమాధానం కాజాలదు.

బాలునికీ ఒక ఆంతరంగిక జీవితం ఉన్నదని, అందులో అకారణంగా ఎవరూ జోక్యం చేసుకోరాదని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం చెప్పుచున్నది. మన దేశం 1992లో దానిని అంగీకరించినది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారాన్ని వినియోగించుటకు సంస్థలు తల్లిదండ్రుల అనుమతి పొందవలెనన్నది. కాని అదే చట్టం వ్యక్తులు తమ సొంత, గృహ అవసరాలకు చేసుకొనే పనిని తన పరిధిలోనికి తీసుకొనలేదు. అది సహజమే, చట్టం ప్రతి ఇంటి వంటగదిలోనికి రాలేదు. సంస్థ తల్లిదండ్రులను అడుగుతుంది. తల్లిదండ్రులు ఎవరిని అడుగవలెను? బిడ్డనే అడుగవలెను. మాటలు వచ్చిన బిడ్డను మాటలతో అడుగవచ్చును. మాటలు రాని బిడ్డ తరఫున, ‘రేపు వీడు పెద్దవాడై దీనిని చూచి సంతోషించునా?’ అని తమ్ము తామే ప్రశ్నించుకోవచ్చును. సంతోషించునని తోచినది ఆల్బములో ఉంచవలెను. సందేహమున్నది ఇంటి గడప దాటనీయరాదు. దీన్‌దయాళ్ జనానా స్టూడియో నేర్పిన మర్యాదకు నేటి రూపం ఇదే.

ఇక ఆచరణ విషయం. విద్యార్థి మిత్రులకు మా మనవి ఇది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క సాధారణ దినాన్ని ఎంచుకొనండి. తమ్ముళ్లను, చెల్లెళ్లను నిలబెట్టకుండా, నవ్వుమనకుండా, ఉన్నవారిని ఉన్నట్లుగా ఇరవై చిత్రాలు తీయండి. అమ్మను, అమ్మీని తప్పక అడిగి తీయండి. అందులో అయిదింటిని కాగితంపై అచ్చు వేయించండి. వెనుక ఎవరు, ఎక్కడ, ఏనాడు అని మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయండి. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితంపై పెన్సిలు పట్టదు గనుక చీటీ వ్రాసి జతపరచండి. జిగురు పేజీల ఆల్బములు ఫోటోలను కాలక్రమాన పాడుచేస్తవి. మూలలు గ్రుచ్చే పాతకాలపు ఆల్బమే మేలు. ఇంట ఉన్న 1970లు, 80ల నాటి రంగుల ఫోటోలు చాలావరకు ఎరుపు తిరిగిపోతున్నవి. వాటికి నకళ్లు తీయించుటకు ఇదే అదను. ఫోనులోని చిత్రాలను కనీసం రెండు వేరు వేరు చోట్ల భద్రపరచండి. 2020 అక్టోబరులో హైదరాబాదును వరదలు ముంచినప్పుడు బియ్యం తడిసినవారు బియ్యం మరల కొనుక్కొన్నారు. ఆల్బము తడిసినవారు ఏమి కొనగలరు?

అన్నిటికంటె ముఖ్యం, ఇంట పెద్దవారు ఉన్నప్పుడే పాత చిత్రాలను వారి ముందు పరచి పేర్లు అడిగి వ్రాసుకోవలెను. పేరు తెలియని చిత్రం ఒక్క తరంలో అనాథ అవుతుంది.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక విన్నపం. వార్షికోత్సవంలో చిత్రలేఖనం, వక్తృత్వం పోటీలు జరుపుతున్నాము. వాటితోపాటు ‘మా ఇల్లు’ అనే చిన్న ప్రదర్శనకు ఒక గది కేటాయించవలెనని కోరుతున్నాము. ప్రతి విద్యార్థి, విద్యార్థిని ఇంటివారి అంగీకారంతో ఒక్క చిత్రం తెచ్చి, దాని క్రింద ఉర్దూలోను తెలుగులోను రెండేసి పంక్తులు వ్రాయవలెను. ఉర్దూ వచ్చినవారు తెలుగు వారి చేత, తెలుగు వచ్చినవారు ఉర్దూ వారి చేత వ్రాయించుకోవలెను. అంగీకారం లేని చిత్రానికి ప్రదర్శనలో చోటు ఉండరాదు. గ్రంథాలయంలో ఒక స్కానరును ఏర్పరచి, విద్యార్థులు ఇంటి పాత ఫోటోలకు నకళ్లు తీసుకొనే వీలు కల్పించగలిగితే అది ఈ కళాశాల ఈ కుటుంబాలకు చేసే చిరస్థాయి సేవ అవుతుంది. దీనికి పెద్ద వ్యయం లేదు.

ఒకే బెంచీపై కూర్చొని చదివే మనకు ఒకరి ఇల్లు మరొకరికి తెలియదు. పండుగనాటి పటాలు మన మధ్య ఉన్న భేదాలను చూపుతవి; అవి భేదాలు చూపవలసినవే, వాటి అందం అదే. కాని దీపం ముందు పాఠం చదువుతూ కునికే పిల్లవాణ్ణి, వాని తల క్రింద చేయి పెట్టిన తల్లిని చూచినప్పుడు అది ఎవరి ఇల్లో చెప్పటం ఎవరి తరమూ కాదు. ఆ చిత్రాలు మన ఆల్బములలోనికి రావలెను. అవి వచ్చేనాటికి పిల్లలు పెద్దవారై పోకముందే ఈ పనికి పూనుకొనవలెనని మా ప్రార్థన.